బయలు నేలల్లో పెద్ద జంతువుల వేట: బట్టల రంగుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కొలరాడో, వయోమింగ్, మోంటానా వైపు ఉంటూ, ఆఫీసు స్నేహితుల పిలుపు మీద మొదటిసారి వేటకు బయలుదేరే తెలుగువాళ్ల కోసం ఈ పేజీ. తుపాకీ గురించో తూటాల గురించో చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. ఏ రంగు బట్టలు వేసుకోవాలని అడిగితే మాత్రం దుకాణంలో ఉన్న ఖరీదైన కామో (పరిసరాల్లో కలిసిపోయేలా ఆకులు, మచ్చల డిజైను వేసిన) జాకెట్టు వైపు చూపిస్తారు. అంత ఖర్చు చాలావరకు అక్కర్లేదు.

బయలు నేల అంటే ఎలాంటి చోటు?

చెట్లు తక్కువగా, చూపు మైళ్ల దూరం సాగే చోటు. వయోమింగ్‌లో సేజ్‌బ్రష్ పొదలు పరుచుకున్న మైదానాలు, తూర్పు మోంటానాలో గడ్డి నేలలు, కొలరాడోలో చెట్ల హద్దు దాటాక వచ్చే రాతి కొండలు, అన్నీ ఇందులోకే వస్తాయి. ఇక్కడ వేటాడేది ముఖ్యంగా ప్రాంగ్‌హార్న్ (జింకలా ఉండే మైదాన జంతువు), మ్యూల్ డీర్ (పెద్ద చెవుల జింక), ఎల్క్ (పెద్ద కొమ్ముల భారీ జింక). అడవిలో మనిషిని చెట్లు దాస్తాయి. ఇక్కడ దాచడానికి మోకాలెత్తు పొద, చిన్న గట్టు, ఎండిపోయిన వాగు తప్ప ఏమీ ఉండవు. అందుకే అడవి కోసం తయారుచేసిన బట్టలు ఇక్కడ తరచుగా ఎదురు తిరుగుతాయి.

జింకలకు రంగులు కనిపించవట కదా? మరి ఏం వేసుకుంటే ఏం?

అసలు కనిపించవన్నది నిజం కాదు, మనలా కనిపించవు. మన కంటిలో రంగును పట్టే కోన్ కణాలు మూడు రకాలు. జింకలో రెండే. 1990ల తొలి ఏళ్లలో అమెరికాలోని జార్జియా యూనివర్సిటీలో తెల్లతోక జింకల కళ్లను కొలిచి చూశారు. ఒక రకం కణాలు నీలం వైపు, కాంతి తరంగం పొడవు సుమారు 450 నానోమీటర్లు ఉన్న దగ్గర, బాగా స్పందిస్తాయి. ఇంకో రకం పసుపు కలిసిన ఆకుపచ్చ వైపు, సుమారు 537 దగ్గర. ఎరుపును పట్టే మూడో రకం లేదు. ఆవు, మేక, గొర్రెల కళ్లను కొలిచినప్పుడూ ఇదే తరహా రెండు కోన్‌ల చూపు తేలింది. ప్రాంగ్‌హార్న్, ఎల్క్ కూడా ఇలాంటి చీలిన గిట్టల జంతువులే.

అంటే ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని వర్ణాంధత్వం ఉన్న మనిషి చూపుకు జింక చూపు దగ్గరగా ఉంటుంది. ఎరుపు, నారింజ, ఆకుపచ్చ, గోధుమ రంగులన్నీ దానికి ఒకే వరసలో, కాస్త లేతగానో ముదురుగానో కనిపిస్తాయి. నీలం మాత్రం విడిగా, కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పైగా మన కంటి కటకం అతినీలలోహిత కాంతిని చాలావరకు ఆపేస్తే, జింక కటకం అంతగా ఆపదు.

ఇందులో వేటగాడికి పనికొచ్చేది ఒక్కటే. రంగు పేరు కన్నా ఆ రంగు ఎంత లేత, ఎంత ముదురు అన్నదే ఎక్కువ లెక్క.

తోటి వేటగాళ్లకు కనిపించడానికి వేసుకునే ఆరెంజ్ వెస్ట్ (చేతుల్లేని కోటు) వల్ల దూరం నుంచే జంతువుకు దొరికిపోతామని భయంగా ఉంది. నిజమేనా?

మనిషి కంటికి ఆరెంజ్ మంటలా కనిపిస్తుంది. ప్రకృతిలో ఆ రంగు దాదాపు ఎక్కడా ఉండదు కాబట్టి అవతలి వేటగాడు దాన్ని చూడగానే ఆగిపోతాడు. ఫ్లోరసెంట్ (వెలుగులో మెరిసిపోయే) ఆరెంజ్ 600 నానోమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. అక్కడికి వచ్చేసరికి జింక కంటి స్పందన బాగా పడిపోతుంది. దానికి అది పసుపు కలిసిన మసక ముద్దలా ఉంటుంది.

అయితే ముద్ద ముద్దే. ఛాతీ నిండా ఒకే రంగు పరుచుకుంటే ఆకారం తెలుస్తుంది, ముఖ్యంగా కదిలినప్పుడు. కదలకుండా కూర్చున్నవాడి మీద ఆరెంజ్ ఉన్నా ప్రాంగ్‌హార్న్ పెద్దగా పట్టించుకోదు. ఆరెంజ్ వల్లే వేట చెడిందని చెప్పే కథల్లో సగానికి పైగా మన వాసన మోసే గాలి ఎటు వీస్తోందో చూసుకోని కథలే అని నా అనుమానం.

చట్టం ప్రకారం ఎంత ఆరెంజ్ ఉండాలి?

రాష్ట్రానికో లెక్క ఉంది. కొలరాడోలో తుపాకీతో ఎల్క్, డీర్, ప్రాంగ్‌హార్న్, మూస్ (అన్నిటికన్నా పెద్ద జింక జాతి), ఎలుగుబంటి వేటకు వెళితే నడుముకు పైన, అన్నిటికన్నా బయటి పొర మీద కనీసం 500 చదరపు అంగుళాల ఫ్లోరసెంట్ ఆరెంజ్ లేదా పింక్ ఉండాలి. అందులో భాగంగా అన్ని వైపుల నుంచీ కనిపించే టోపీ తప్పనిసరి. మధ్యలో నల్ల మచ్చలున్న ఆరెంజ్ కామో అక్కడ చెల్లదు, ఏకరంగే కావాలి. మోంటానాలో నడుముకు పైన 400 చదరపు అంగుళాలు, టోపీ ఒక్కటే పెట్టుకుంటే సరిపోదు. వయోమింగ్ కాస్త ఉదారం. టోపీ, చొక్కా, జాకెట్టు, వెస్ట్, స్వెటర్, వీటిలో బయటికి కనిపించేది ఏదో ఒకటి ఆ రంగుదైతే చాలు. ఐడహోలో ఇలాంటి సాధారణ నియమమే లేదు.

500 చదరపు అంగుళాలంటే భయపడక్కర్లేదు. పెద్దవాళ్ల సైజు మామూలు వెస్ట్, టోపీ కలిస్తే ఆ లెక్క దాటుతుంది. విల్లు మాత్రమే వాడే ప్రత్యేక సీజన్లలో చాలాచోట్ల ఆరెంజ్ అవసరం ఉండదు. నియమాలు మారుతుంటాయి కనుక ఆ ఏడాది రాష్ట్ర వన్యప్రాణి శాఖ ఇచ్చే బ్రోషర్ చదివాకే బయలుదేరండి. బట్టల రంగు కోసం జరిమానా కట్టడం కన్నా చిన్నతనం ఇంకోటి లేదు.

చట్టం అడగని చోట కూడా నేనైతే ఆరెంజ్ టోపీ తీయమని చెప్పను. యూరోపియన్ సంతతి మగవాళ్లలో సుమారు 12 మందిలో ఒకరికి ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియదు. అలాంటివాడు కూడా తుపాకీ పట్టుకుని అదే కొండ మీద తిరుగుతుండొచ్చు. వాడికి మీ ఆరెంజ్ రంగుగా కన్నా వెలుగుగా కనిపించాలి. అందుకే వెలిసిపోయిన పాత వెస్ట్ పనికిరాదు. ఎండకు ఫ్లోరసెంట్ గుణం పోతుంది, పోయాక అది వట్టి మట్టి నారింజే.

పింక్ సంగతేంటి?

ఆరెంజ్ బదులు పింక్‌ను 2016లో విస్కాన్సిన్ రాష్ట్రం ఒప్పుకుంది, ఆ తర్వాత కొలరాడో, వయోమింగ్ కూడా. చట్టపరంగా ఇబ్బంది లేని చోట వేసుకోవచ్చు. కానీ పింక్‌లో నీలం పాలు కొంత ఉంటుంది, జింక కన్ను బాగా పట్టేది ఆ నీలాన్నే. నన్నడిగితే ఆరెంజే మేలు.

బ్యాగు తగిలించుకుంటే వీపు మీది ఆరెంజ్ మూసుకుపోతుంది కదా?

అవును, చాలామంది మరిచిపోయేది ఇదే. బ్యాగుకు ఆరెంజ్ కవర్ తొడగండి. చలికి పైన ఇంకో జాకెట్టు వేసుకుంటే వెస్ట్ తీసి దాని మీదికి మార్చుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, వేట అయ్యాక మాంసం, కొమ్ములు వీపున మోసుకొచ్చేటప్పుడు ఆ కొమ్ములకు ఆరెంజ్ రిబ్బన్ చుట్టండి. పొదల పైన కొమ్ములు మాత్రమే కదులుతూ కనిపిస్తే దూరంగా ఉన్నవాడు ఏమనుకుంటాడో చెప్పాల్సిన పనిలేదు.

ఆరెంజ్ పోగా మిగతా బట్టలు ఏ రంగువి?

ఇక్కడే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. వేట అనగానే ముదురు ఆకుపచ్చ, ముదురు గోధుమ కొనేస్తారు. అవి ఒరెగాన్ తడి అడవులకు బాగుంటాయి. సెప్టెంబరు, అక్టోబరులో వయోమింగ్ గడ్డి మొత్తం ఎండి లేత పసుపు రంగుకు తిరిగి ఉంటుంది. ఆ గడ్డిలో ముదురు ఆకుపచ్చ జాకెట్టు వేసుకున్న మనిషి సున్నం కొట్టిన గోడ మీద వాలిన కాకిలా ఉంటాడు. దూరం పెరిగేకొద్దీ ఆకుపచ్చ అన్న సంగతి పోయి వట్టి నలుపే మిగులుతుంది.

కాబట్టి మీరు అనుకున్న దానికన్నా ఒకటి రెండు మెట్లు లేతగా కొనండి. గడ్డి నేలకు ఎండుగడ్డి రంగు, ఇసుక రంగు, లేత ఖాకీ. సేజ్‌బ్రష్ ఏడాది పొడవునా బూడిద కలిసిన లేత ఆకుపచ్చే, కాబట్టి ఆ పొదల మధ్య తిరిగేవాళ్లకు బూడిద రంగు, వెలిసిన ఆలివ్ బాగా కలుస్తాయి. చెట్ల హద్దు పైన రాళ్లలోకి వెళితే లేత, మధ్యస్థ బూడిద రంగులు. దుకాణంలో ట్యూబ్‌లైట్ కింద చూసి కొనొద్దు, బయట ఎండలోకి తీసుకెళ్లి చూడండి.

పైనా కిందా ఒకే రంగు వేసుకోకపోవడం ఇంకా మంచిది. కింద ఇసుక రంగు ప్యాంటు, పైన బూడిద ఆకుపచ్చ చొక్కా, దాని మీద ఆరెంజ్ వెస్ట్ వేస్తే నిలువెత్తు మనిషి ఆకారం మూడు ముక్కలవుతుంది. జంతువు వెతికేది రంగును కాదు, రెండు కాళ్ల మీద నిలబడిన ఆకారాన్ని.

తడి సంగతి కూడా చూసుకోవాలి. కాటన్ బట్ట తడిస్తే రెండు మెట్లు ముదురుతుంది. వాన, మంచు ఉన్న రోజున పొద్దున్న లేతగా ఉన్న ప్యాంటు మధ్యాహ్నానికి నల్లబడుతుంది. ఆ కొండల చలిలో తడి కాటన్ ఒంటికి కూడా ప్రమాదమే. ఊలు, పాలిస్టర్ నయం.

ప్రాంగ్‌హార్న్‌నే చూడండి. వీపు ఇసుక రంగు, పొట్ట తెలుపు. పైనుంచి పడే ఎండ వీపును లేతగా చేస్తుంది, పొట్ట కింద నీడ పడుతుంది, ఆ తెలుపు ఆ నీడను కొట్టేస్తుంది. దాంతో గుండ్రటి ఒళ్లు చదునుగా కనిపించి నేలలో కలిసిపోతుంది. అబట్ థేయర్ అనే అమెరికన్ చిత్రకారుడు 1896లోనే దీన్ని వివరించాడు. మన ఒంటికి అంత ఏర్పాటు కష్టం. కానీ టోపీ అంచు కింద, చంకల కింద, మోకాళ్ల కింద నీడలు పడతాయని తెలిస్తే అక్కడ ముదురు రంగు ఎందుకు వద్దో అర్థమవుతుంది.

కామో తప్పనిసరా? ఏకరంగు బట్టలు సరిపోవా?

రైఫిల్ వేటకు ఏకరంగు చాలు. 200, 300 గజాల దూరంలో చిన్న చిన్న ఆకుల డిజైను మొత్తం కలిసిపోయి ఒకే ముద్దగా మారుతుంది. ఆ ముద్ద రంగు ముదురైతే డబ్బు పోసి కొన్న కామో, పాత ఖాకీ ప్యాంటు కన్నా అధ్వానం.

విల్లుతో 50 గజాల్లోకి వెళ్లాలనుకునేవాళ్లకు కామో కొంత సాయం చేస్తుంది. అప్పుడు కూడా లేత, ముదురు మచ్చలు పెద్దవిగా, మధ్యలో చిన్నవి కలిసి ఉన్న డిజైను చూడండి. వేట బట్టలు చేసే సిట్కా కంపెనీ వాడే ఆప్టిఫేడ్ అలాంటిదే. జింక చూపు మీద పరిశోధన చేసిన జే నైట్జ్, అమెరికా సైన్యంలో కామో మీద పనిచేసిన తిమొతీ ఓనీల్ దాని తయారీలో పాలుపంచుకున్నారు. అందులో బయలు నేలల కోసమే వేరే డిజైను కూడా ఉంది. ఆలోచన బాగుంది, ధర మాత్రం గుండె గుభేలుమనిపిస్తుంది. మొదటి ఏడాది ఆ డబ్బుతో మంచి బైనాక్యులర్ కొనుక్కోమంటాను. బయలు నేలలో వేటంటే పొద్దస్తమానం చూడటమే.

నీలం జీన్స్ వేసుకోవచ్చా?

తాతల కాలం నుంచీ జీన్స్‌లో వేటాడినవాళ్లు ఉన్నారు. అయినా జింక కంటికి బాగా ఆనే రంగు అదే. ఎందుకు మరి?

నలుపు ఎప్పుడైనా పనికొస్తుందా?

ఒక్కచోట. ఎండాకాలం చివర్లో నీటి గుంటల దగ్గర గుడారం లాంటి బ్లైండ్‌లో కూర్చుని ప్రాంగ్‌హార్న్ కోసం కాచుకుంటారు. ఆ బ్లైండ్ లోపలంతా నల్లగా ఉంటుంది. అందులో ఇసుక రంగు చొక్కా వేసుకుంటే కిటికీలోంచి మెరుస్తారు. లోపల నల్ల టీషర్టు, నల్ల టోపీ, చేతులకు నల్ల గ్లౌజులు. వెనక కిటికీలు మూసి ఉంచండి.

మంచు పడితే తెల్లబట్టలు వేసుకోవాలా?

నేలంతా మంచు కప్పేస్తే పలచటి తెల్ల ఓవరాల్స్ పనిచేస్తాయి. కానీ అక్కడక్కడా పొదలు పొడుచుకొచ్చిన మంచులో పూర్తి తెలుపు కన్నా లేత బూడిద రంగే బాగా కలుస్తుంది. ఇంకో జాగ్రత్త ఉంది. తెల్లతోక జింక తోక, ప్రాంగ్‌హార్న్ పిరుదులు తెల్లగా ఉంటాయి. రైఫిల్ సీజన్‌లో పొదల మధ్య తెల్ల గుడ్డ మెరిస్తే జంతువనుకునే ప్రమాదం ఉంది. తెల్ల జేబురుమాలు కూడా తీసుకెళ్లొద్దు. తెల్ల ఓవరాల్స్ వేసినా వాటి మీద చట్టం చెప్పినంత ఆరెంజ్ ఉండాల్సిందే.

ఈ బట్టల్ని మామూలుగానే ఉతకొచ్చా?

చాలా డిటర్జెంట్లలో బట్ట మెరుపు కోసం బ్రైటనర్లు కలుపుతారు. అవి అతినీలలోహిత కాంతిని పీల్చి నీలి వెలుగుగా వదులుతాయి. మనకు అది తెల్లదనంలా కనిపిస్తుంది. తెల్లవారుజామున, సందె వేళ వెలుగులో నీలం పాలు ఎక్కువ, జంతువులు తిరిగేదీ అప్పుడే. మీ ఇసుక రంగు ప్యాంటు ఆ వేళ వాటికి నీలంగా మెరిసే అవకాశం ఉంది. దీనివల్ల ఎంత తేడా వస్తుందన్న దాని మీద వేటగాళ్లలో వాదనలున్నాయి. బ్రైటనర్, వాసన లేని సబ్బు దొరకడం కష్టం కాదు కాబట్టి ఆ వాదనలోకి దిగకుండా అదే వాడటం తేలిక. అమ్మ ఇండియా నుంచి పంపిన ఉజాలా సీసాను మాత్రం ఈ బట్టల దగ్గరికి రానీయకండి.

ఎల్క్ వేటకు వాసన లేకపోవడం రంగు కన్నా ముఖ్యం.

ముఖం, చేతులు ఏం చేయాలి?

కప్పుకోండి. మన చామనఛాయ ఎండుగడ్డిలో తెల్లవాళ్ల ముఖం కన్నా బాగానే కలుస్తుంది, కానీ చెమట పట్టిన నుదురు అద్దంలా మెరుస్తుంది. ఎక్కువగా కదిలేవి కూడా ముఖం, చేతులే. పలచటి మెడ గుడ్డను ముక్కు దాకా లాక్కుని, సన్నటి గ్లౌజులు వేసుకుంటే చాలు. చేతి గడియారం, కళ్లద్దాల ఫ్రేము, మెడలో గొలుసు, ఉంగరం, మెరిసేవన్నీ జేబులోకి.

కొన్న బట్టలు సరైనవో కాదో ముందే తెలుసుకునే దారి ఉందా?

ఉంది, పైసా ఖర్చు లేదు. స్నేహితుణ్ని వంద అడుగుల దూరంలో ఆ బట్టల్లో గడ్డిలో కూర్చోబెట్టి ఫోన్‌లో ఫొటో తీయండి. దాన్ని నలుపు తెలుపులోకి మార్చి, కళ్లు చికిలించి చూడండి. మనిషి నేల కన్నా నల్లగా కనిపిస్తే బట్టలు ముదురు. తెల్లగా కనిపిస్తే మరీ లేత. కలిసిపోతే సరిపోయినట్టే. ఆరెంజ్‌కు మాత్రం ఈ పరీక్షను నమ్మొద్దు. ఫోన్ దాన్ని జింక చూసే దానికన్నా తెల్లగా చూపిస్తుంది.

రంగులన్నీ సరిగ్గా ఉన్నా ప్రాంగ్‌హార్న్ మైలు దూరం నుంచే పారిపోతోంది. ఎందుకు?

దాని కళ్లు తల పక్కల్లో ఉబ్బెత్తుగా ఉంటాయి. తల తిప్పకుండానే చుట్టూ దాదాపు 300 డిగ్రీలకు పైగా చూస్తుంది. గంటకు 80 కిలోమీటర్లు దాటే వేగం దానికుంది కాబట్టి అనుమానం వచ్చాక ఆగి ఆలోచించదు. అది పట్టేది కదలికను, ఆకాశం ముందు నిలబడిన ఆకారాన్ని. గట్టు ఎక్కి అంచు మీద నిలబడితే ఏ రంగు బట్టలూ కాపాడవు. అంచుకు కాస్త కిందుగా, పాకుతూ వెళ్లాలి. సూర్యుణ్ని వీపు వెనక ఉంచుకుంటే దాని కళ్లలో ఎండ పడుతుంది. కూర్చునేటప్పుడు పొద వెనక కాకుండా పొద ముందు, దాని నీడలో కూర్చోండి. వెనక్కి వెళితే తల పైకెత్తి తొంగి చూడాల్సి వస్తుంది, ఆ తలే పట్టిస్తుంది.

ఒకే ఒక్క జత కొనే స్తోమత ఉంది. ఏది కొనాలి?

ఇసుక రంగు ప్యాంటు, బూడిద కలిసిన లేత ఆకుపచ్చ పొడుగు చేతుల చొక్కా, ఆరెంజ్ టోపీ, ఆరెంజ్ వెస్ట్. ప్యాంటు ట్రెక్కింగ్ కోసం ఇంట్లో ఉన్నదైనా ఫర్వాలేదు. నడిచినప్పుడు బట్ట సరసర చప్పుడు చేయకూడదు.

హెచ్-1బీ మీద ఉన్నాను. బట్టలు సరే, తుపాకీ పట్టుకోవచ్చా?

ఇది రంగుల ప్రశ్న కాకపోయినా మనవాళ్లకు తప్పనిసరిగా తెలియాలి. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ, తూటాలు ఉండకూడదు. ఉన్న మినహాయింపుల్లో ఒకటి, అమెరికాలో ఏదైనా రాష్ట్రం చట్టబద్ధంగా ఇచ్చిన వేట లైసెన్సు చేతిలో ఉండటం. స్నేహితుడి తుపాకీయే కదా అనుకోవద్దు. లైసెన్సు రాకముందు ప్రాక్టీసుకు కూడా ముట్టుకోకండి, ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. కొలరాడోలో 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేస్తేనే లైసెన్సు ఇస్తారు.

టెక్సస్‌లో మన కృష్ణజింకలు ఉన్నాయట?

ఉన్నాయి, మనుబోతులు కూడా ఉన్నాయి. గత శతాబ్దం మొదటి సగంలో తెచ్చి వదిలినవి. ప్రైవేటు రాంచ్‌లలో లైసెన్సుతో వాటిని వేటాడతారు. దక్షిణ టెక్సస్‌లో మనుబోతు తిరిగే చోట ఇసుక నేల, ముళ్లపొదలు కాబట్టి రంగుల లెక్క అదే, లేత ఖాకీ, బూడిద. టెక్సస్ ప్రభుత్వ వేట భూముల్లో మాత్రం 400 చదరపు అంగుళాల ఆరెంజ్ అడుగుతారు. అందులో ఛాతీ మీద 144, వీపు మీద 144 ఉండాలి.

ఇండియా వెళ్లినప్పుడు ఈ బట్టలు పనికొస్తాయా?

వేటకు కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అక్కడ వేట నేరం. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కూడా. కెమెరాతో వెళ్లేవాళ్లకు మాత్రం ఈ ఇసుక రంగు ప్యాంటు, బూడిద చొక్కా నంద్యాల జిల్లాలోని రోళ్లపాడు గడ్డి మైదానాల్లో చక్కగా పనికొస్తాయి. అక్కడ లేత, ముదురుల తేడా కళ్లారా చూడొచ్చు కూడా. నల్లటి మగ కృష్ణజింక దూరం నుంచే కనిపిస్తుంది, దాని పక్కనే మేస్తున్న గోధుమ రంగు ఆడజింకల్ని లెక్కపెట్టడానికి బైనాక్యులర్ కావాలి. ఆరెంజ్ వెస్ట్‌ను మాత్రం అమెరికాలోనే వదిలి వెళ్లండి.